పాటకు ఇంత జాగ

అత్వెల్లిలో పొద్దున లేస్తే వినపడే మాట జాగ. ఎన్ని గజాల జాగ, తూర్పు ముఖమా ఉత్తర ముఖమా, ముందర రోడ్డు ముప్పై అడుగులా నలభయ్యా, ఎల్ఆర్ఎస్ కట్టిన్రా లేదా. చాయ్ హోటల్ బల్ల దగ్గరా, సెలూన్ కుర్చీలోనూ, పెళ్లి భోజనాల బంతిలోనూ ఇదే ముచ్చట. ఒకప్పుడు తెలంగాణ పల్లెలో జాగ అంటే చోటు. బస్సులో ఇంత జాగ ఇయ్యమని అడిగేవారు, ఇంటికొచ్చిన చుట్టానికి అరుగు మీద జాగ చూపేవారు. ఇప్పుడు ఆ మాటకు హద్దురాళ్లు వచ్చాయి, సర్వే నంబరు వచ్చింది, గజానికింత అని ధర వచ్చింది.

మేడ్చల్ పట్టణాన్ని ఆనుకుని, 44వ నంబరు జాతీయ రహదారి వెంట ఉన్న ఊరు ఇది. దక్షిణాన కండ్లకోయ దగ్గర ఔటర్ రింగురోడ్డు వచ్చేసింది. ఉత్తరాన తూప్రాన్ మీదుగా రీజినల్ రింగురోడ్డు రావాల్సి ఉంది. రెండు రింగుల నడుమ పడ్డ ఊళ్లో పొలం పొలంగా మిగలడం కష్టం. పంచాయతీగా ఉన్న అత్వెల్లి మేడ్చల్ మున్సిపాలిటీలోకి పోయింది. 2025 చివర్లో ఆ మున్సిపాలిటీతో కలిపి మొత్తం 27 పట్టణ సంస్థలను గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనం చేశారు. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా మాత్రం కొన్నేళ్లలోనే రెండుసార్లు మారింది.

ఈ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా సుమారు ఇరవై కిలోమీటర్లు పోతే తూప్రాన్ వస్తుంది. దక్షిణంగా దాదాపు అంతే దూరంలో, రోడ్డుకు కాస్త పక్కన అల్వాల్. తూప్రాన్‌లో పుట్టిన ఒక మనిషి అల్వాల్ మట్టిలో కలిశాడు. ఆ రెంటికీ మధ్య ఆయన బతుకంతా పాటే. గుమ్మడి విఠల్ రావు అంటే గుర్తుపట్టడానికి కొందరికి క్షణం పడుతుంది. గద్దర్ అంటే ఎవరికీ ఆ క్షణం కూడా అక్కర్లేదు.

జాగ గురించి ఇంతగా మాట్లాడుకునే ఈ రోడ్డు మీద, అంత పెద్ద పాట నడిచిన ఈ రోడ్డు మీద, ఒక ప్రశ్న వేసుకోకుండా ఉండటం కష్టం. పాట ఎక్కడ నిలబడాలి?

గద్దర్ 1949లో దళిత కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదువు మధ్యలో ఆగింది. బుర్రకథ చెప్పే కుర్రవాడిగా బయల్దేరిన ఆయనను ఆర్ట్ లవర్స్ అనే చిన్న బృందం చేరదీసింది. దాని వెనక ఉన్న మనిషి బి. నర్సింగరావు, తర్వాత సినిమా దర్శకుడిగా పేరు తెచ్చుకున్న ప్రజ్ఞాపూర్ వాసి. ఆ బృందం నుంచే 1972లో జన నాట్య మండలి పుట్టింది. తొలి పాటల పుస్తకానికి పెట్టుకున్న పేరు గద్దర్. 1913లో అమెరికాలో పంజాబీ వలస కూలీలు పెట్టిన గదర్ పార్టీ నుంచి తెచ్చుకున్న మాట అది. ఆ పార్టీలో తెలుగువాడు దరిశి చెంచయ్య కూడా ఉన్నారు. పుస్తకం పేరు కాస్తా మనిషి పేరైపోయింది. 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరారు, 1984లో ఆ కొలువు వదిలేశారు.

1980లో నర్సింగరావు నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకుడిగా వచ్చిన మా భూమి సినిమాలో గద్దర్ తెర మీద కనిపించారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో యాదగిరి అనే పోరాటవీరుడు కట్టిన పాటను గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని పాడారు. నైజాం పాలన ముగిసి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. పాట కట్టినవాడు లేడు, పాట ఉంది. చేతులు మారుతూ, గొంతులు మారుతూ వచ్చి తూప్రాన్ పిల్లవాడి దగ్గర ఆగింది. నోటి పాటకు ఉండే బలం అదే. కాగితం తగలబడితే పోతుంది, గొంతు నుంచి గొంతుకు పోయే పాటను పట్టుకునేది ఎవరు?

ఆ గొంగడి దగ్గర కాసేపు ఆగాలి.

గొంగడి నల్ల దక్కని గొర్రె ఉన్నితో తయారవుతుంది. కురుమల ఇళ్లల్లో ఆడవాళ్లు ఉన్ని వడికితే మగవాళ్లు గుంట మగ్గం మీద నేస్తారు. పోగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ గంజి వల్లే కొత్త గొంగడి బిరుసుగా నిలుస్తుంది, చినుకు పడితే పైనుంచే జారిపోతుంది. కాపరికి అది వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు, ఎండలో నీడ. ఒక కొస మడిచి నెత్తి మీద వేసుకుంటే కొప్పెర అవుతుంది. నల్ల గొర్రెలు తగ్గి మాంసం కోసం పెంచే జాతులు ఎక్కువయ్యాక ఆ ఉన్నికి కరువొచ్చింది, నేసే చేతులకూ పని పోయింది.

గద్దర్ చేతిలో అదే గొంగడి నాటకశాల అయింది. భుజాన ఉంటే కాపరి. నడుముకు బిగిస్తే కూలి. మడిచి గుండెకు హత్తుకుంటే చంటిబిడ్డ. దాంతో పాటు కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, ఒక ఎర్ర గుడ్డ. ఇంతకు మించి సామాను లేదు. తెరలు, రంగులు, దీపాలు లేవు. అందుకే ఆ కళ ఎక్కడికంటే అక్కడికి పోగలిగింది. రచ్చకట్ట చాలు, కల్లం చాలు, నాలుగు బజార్ల కూడలి చాలు. సామాను ఎంత తగ్గితే జాగ అంత అవసరమవుతుంది. తెర లేని నాటకానికి చుట్టూ కూర్చున్న జనమే తెర.

వినేవాళ్లు ఎంత దగ్గర ఉంటే ఆ పాట అంత పండేది. చరణం సగం పాడి ఆపితే మిగతా సగం కోరస్ అందుకోవాలి, కోరస్ వెనక జనం అందుకోవాలి. మధ్యలో పాట ఆపి మాట్లాడటం, ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మను పలకరించడం, ఆమె జవాబును మళ్లీ పాటలోకి లాక్కోవడం, ఇవన్నీ ఒగ్గుకథ, వీధి భాగోతం, బుర్రకథ నేర్పిన ఒడుపులు. వరి నాట్ల పాటల్లో, జోలపాటల్లో ఉన్న బాణీలను తీసుకుని కొత్త మాట కట్టడం వల్ల జనానికి పాట కొత్తదైనా రాగం ఇంటిదే. మొదటిసారి విన్నవాళ్లు కూడా రెండో చరణానికి గొంతు కలిపేవారు.

ఆయన విప్లవ రాజకీయాలతో ఏకీభవించనివాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన దారి తర్వాత తర్వాత మారింది కూడా. కొన్నేళ్లు అజ్ఞాతంలో ఉండి బయటికి వచ్చాక 1990లో నిజాం కాలేజీ మైదానంలో ఆయన పాట వినడానికి లక్షల మంది వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. దానితోనే మరో ఇరవై ఆరేళ్లు గజ్జె కట్టి ఆడారు. 2011లో వచ్చిన జై బోలో తెలంగాణ సినిమాలో ఆయన పాట పల్లె పల్లెకూ పోయింది. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు.

ఇప్పుడు అసలు ముచ్చట.

1995లో వచ్చిన ఒరేయ్ రిక్షా సినిమాలో అన్నాచెల్లెళ్ల మీద రాసిన పాటకు ప్రభుత్వం ఆయనకు నంది అవార్డు ప్రకటించింది. ఆయన తీసుకోలేదు. 2024 జనవరి 31న, ఆయన జయంతి నాడు, నంది స్థానంలో ఇకమీదట గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. 2025 జూన్ 14న హైటెక్స్‌లో వాటిని అందజేశారు. ఏ అవార్డును కాదన్నారో దాని జాగలోకి ఆయన పేరే వచ్చి కూర్చుంది.

దీన్ని చూసి నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, మురిసిపోయినవాళ్లూ ఉన్నారు. మురిసిపోయినవాళ్ల మాట తోసేయదగింది కాదు. వెలివాడలో పుట్టి నడిబజార్లో పాడిన మనిషి పేరును పెద్ద తారలు వేదికెక్కి గౌరవంగా పలుకుతున్నారు. టీవీ ముందు కూర్చున్న పదేళ్ల పిల్ల గద్దర్ ఎవరమ్మా అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా ఆ పేరు పెట్టడం మంచి పని. పేరు దక్కింది, సంతోషం. జాగ దక్కిందా అన్నదే మిగిలిన ప్రశ్న.

డప్పును చూస్తే ఈ తేడా తెలుస్తుంది. కర్ర పలకకు బిగించిన తోలు చల్లబడితే వదులవుతుంది, మోగదు. వాయించే ముందు గుప్పెడు గడ్డి అంటించి మంట మీద తిప్పుతూ కాపాలి. తోలు బిగుసుకుంటూ ఉంటే వేలితో మీటి చూస్తారు. మెత్తగా పలికితే మళ్లీ మంట మీదికి. ఖంగున పలికితే ఇక కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. కార్యక్రమం సాగుతున్నంతసేపూ పక్కన మంట ఉండాల్సిందే. ఏసీ హాలులో ఆ మంటకు జాగ ఉండదు. అందుకే హాళ్లకు వెళ్లే బృందాలు కాపే పని లేని ప్లాస్టిక్ డప్పులు పట్టుకుపోతున్నాయి. శబ్దం వస్తుంది. కాపిన తోలు చెవులకు కాదు, కడుపులోకి మోగుతుందని వాయించేవాళ్లు చెబుతారు. ఆ మోత విన్నవాళ్లకు అందులో అతిశయోక్తి కనపడదు.

చిలీ దేశంలో విక్టర్ హారా అనే గాయకుడు ఉండేవాడు. నాటకం తెలిసినవాడు, గిటార్‌తో పేదల పాటలు పాడినవాడు. 1973 సెప్టెంబరులో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు రాజధాని శాంటియాగోలోని ఒక క్రీడా ప్రాంగణంలో వేలమందితో పాటు ఆయననూ బంధించి చంపేశారు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ఆ ప్రాంగణానికి ఆయన పేరు పెట్టారు. అక్కడ పేరు జాగకు పెట్టారు. జనం పోయి కూర్చునే చోటుకు, ఆటలు ఆడుకునే చోటుకు. పోలిక పూర్తిగా కుదరదు, ఆ దేశం కథ వేరు. కానీ పాటగాడి పేరును ఏ వస్తువు మీద రాయాలన్న ఆలోచన వచ్చినప్పుడు శాంటియాగో గుర్తుకు రావడం సహజం.

మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో ఇంకొక పాటగాడి మట్టి కూడా ఉంది. ఘట్‌కేసర్‌లో.

అందె ఎల్లయ్య అంటే అందెశ్రీ. 1961లో రేబర్తిలో పుట్టారు. అమ్మానాన్నల నీడ లేదు, బడి మొహం చూడలేదు. గొర్లు కాశారు, పెద్దయ్యాక తాపీ పని చేశారు. ఆయన పాటలు ముందు నోట్లో పుట్టినవే, కాగితం మీదికి తర్వాత వచ్చాయి. మనిషితనం కనుమరుగవుతోందన్న ఆయన పాట సినిమాలోకి వెళ్లి, అక్కడి నుంచి కిరాణా కొట్ల రేడియోల్లోకి, చావు ఇళ్ల మైకుల్లోకి వెళ్లింది. తెలంగాణ ఉద్యమంలో ఆయన రాసిన జయ జయహే తెలంగాణను సభ మొదలయ్యే ముందు జనం లేచి నిలబడి పాడేవారు. లేవమని ఎవరూ చెప్పలేదు, ఏ ఉత్తర్వూ లేదు.

2014లో రాష్ట్రం వచ్చింది. పాటకు అధికార ముద్ర పడటానికి పదేళ్లు పట్టింది. 2024 జూన్ 2న కీరవాణి స్వరకల్పనతో అది రాష్ట్ర గీతమైంది. తెలంగాణ పాటకు తెలంగాణ సంగీతకారుడు దొరకలేదా అని కొందరు అడిగారు, కవి ఇష్టపడ్డాక మనం కాదనడమేమిటని కొందరన్నారు. పాట గురించి ఊరూవాడా కొట్లాడుకోవడం మంచి లక్షణమే, పట్టింపు లేనిచోట కొట్లాట ఉండదు. 2025 నవంబరు 10న అందెశ్రీ పోయారు. 64 ఏళ్లు. మర్నాడు ఘట్‌కేసర్‌లో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఇప్పుడు ఆయన పాటతో బడిలో ప్రార్థన మొదలవుతుంది, సర్కారు సభ మొదలవుతుంది. బడికి పోని మనిషి మాటను ఈ రోజు ప్రతి బడిపిల్లా కంఠతా పడుతోంది. దీన్ని మించిన గెలుపు ఒక కవికి ఏముంటుంది? అయితే రాష్ట్ర గీతం అయ్యాక పాటకు నియమాలు వస్తాయి. ఇన్ని నిమిషాలు పాడాలి, ఈ బాణీలోనే పాడాలి. గొర్ల వెనక పుట్టిన పాట ఏ గొంతులో పడితే ఆ గొంతు రంగు పూసుకునేది. ఆ స్వేచ్ఛ ఇంకా మిగిలి ఉండాలంటే సర్కారు సభల బయట కూడా దాన్ని పాడుకునే చోట్లు ఉండాలి.

సన్మానానికీ జాగకూ ఉన్న దూరం కిన్నెర మొగులయ్య బతుకులో కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. నల్లమల అంచున నాగర్‌కర్నూల్ జిల్లాలో పుట్టిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, తంత్రులతో చేసుకునే ఆ వాద్యాన్ని ఇప్పుడు వాయించేవాళ్లు చాలా తక్కువ. భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో ఆ గొంతు వినగానే ఊరూరా సెల్‌ఫోన్లు మోగాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన తుర్కయాంజల్‌లో ఇల్లు కట్టే చోట కూలిపని చేస్తున్న దృశ్యాలను జనం సెల్‌ఫోన్లలో చూశారు. తుర్కయాంజల్ కూడా అత్వెల్లి లాంటి శివారే, గ్రేటర్‌లో కలిసిన ఆ 27 సంస్థల జాబితాలో ఉన్నదే. జాగలు ఇళ్లుగా మారే చోట, దేశం సన్మానించిన వేళ్లు ఇసుక తట్ట మోశాయి. చూసినవాళ్లు సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు వల్ల కొంత సాయం కదిలింది. కానీ ఆయనకు నెలకు నాలుగు ఊళ్లలో నాలుగు కచేరీలు ఉండి ఉంటే ఆ తట్ట ఎత్తాల్సిన పని పడేది కాదు.

కళాకారుడికి డబ్బు కావాలి, అందులో దాపరికం ఏమీ లేదు. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పేరుతో వందల మంది కళాకారులకు ప్రభుత్వం జీతాలిచ్చింది. ఇళ్లల్లో పొయ్యి వెలిగింది, అది చిన్న విషయం కాదు. అయితే జీతం ఇచ్చేవాళ్ల పథకాల మీదే పాట కట్టాల్సి వచ్చినప్పుడు పాటగాడి నోట్లో మాట కొంచెం తడబడుతుంది. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ పాటల సభ ధూంధాంకు అలాంటి తడబాటు లేదు. కామారెడ్డి కూడా ఈ రోడ్డు మీదిదే. ఊరు చందా వేసుకుంది, ఊరు జాగ ఇచ్చింది, ఊరే వచ్చి తెల్లవార్లూ కూర్చుంది. పాటగాడు బాకీపడింది ముందు కూర్చున్న జనానికే.

ఆ జనం ఇప్పుడు లేరని, అందరూ ఫోన్లలో తల దూర్చుకున్నారని అనేవాళ్లకు 2023 వేసవిని గుర్తుచేయాలి. ఆ ఏడాది మార్చిలో వేణు యెల్దండి తీసిన బలగం విడుదలైంది. కొద్ది రోజుల్లోనే తెలంగాణ పల్లెల్లో పంచాయతీల ముందు, బడి ఆవరణల్లో తెరలు కట్టి ఆ సినిమా వేశారు. ఇంటి నుంచి చాపలు తెచ్చుకుని, ముసలివాళ్లను మంచాల మీద కూర్చోబెట్టుకుని ఊరంతా కలిసి చూసింది. చివర్లో బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ చచ్చిపోయిన పెద్దమనిషి కథ పాడుతుంటే ఏళ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చుని ఏడ్చారు, కొన్నిచోట్ల కలిసిపోయారు. టికెట్ల డబ్బు పోతోందని నిర్మాతలకు బాధ కలిగింది, వాళ్ల బాధకూ అర్థం ఉంది. కానీ ఒక్క సంగతి రుజువైంది. జాగ చూపిస్తే జనం వస్తారు. తెర మీద ఉన్నదైనా సరే, పక్కవాడి మోచెయ్యి తగిలేలా కూర్చుని వినాలన్న ఆకలి ఇంకా పోలేదు.

2023 సంవత్సరానికి గద్దర్ పేరిట ఉత్తమ చిత్రం అవార్డు బలగానికే దక్కింది. ఆ వార్త వినడానికి పస్తం మొగిలయ్య లేరు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతుకు లాగి 2024 డిసెంబరులో పోయారు. ఆ చావు వార్త చూసి, ఊరి నడుమ తెర ముందు ఏడ్చినవాళ్లు మళ్లీ ఏడ్చి ఉంటారు.

ఇక అత్వెల్లికి వద్దాం. ఇక్కడ పాత ఊరు ఉంది, గుడి ఉంది, బోనాలు ఉన్నాయి, ఆషాఢ శ్రావణాల్లో పోతరాజు కొరడా ఝళిపిస్తే దారి ఇచ్చే జనం ఉన్నారు. పాత ఊరి చుట్టూ కొత్త కాలనీలు ఉన్నాయి. మేడ్చల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, ఇళ్లు కట్టే చోట్ల పనిచేయడానికి బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు అద్దె గదుల్లో ఉన్నారు. ఆదివారం సాయంత్రం గది మిద్దె మీద ఎవరో ఒకరు వాళ్ల ఊరి పాట ఎత్తుకుంటారు, ఇంకొకరు బకెట్ బోర్లించి దరువేస్తారు. కింది ఇంట్లో వాళ్లకు భాష తెలియదు, ఊరు వదిలిన బెంగ మాత్రం తెలుస్తుంది. అరవై ఏళ్ల కింద తూప్రాన్ నుంచి పట్నం పోయిన పిల్లవాడి గొంతులోనూ ఆ బెంగే ఉండి ఉంటుంది. పాత ఊరివాళ్లూ, కాలనీవాళ్లూ, గదులవాళ్లూ ఒకరి పాట ఒకరు వినడానికి కలిసే చోటు ఏది?

చట్టానికి జాగ సంగతి తెలుసు. నిబంధనల ప్రకారం వేసే ప్రతి లేఅవుట్‌లో కొంత భాగాన్ని అందరి కోసం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. అలా వదలకుండా గీసి అమ్మేసిన లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకమే ఎల్ఆర్ఎస్. 2020లో తెచ్చిన పథకంలో, ఖాళీ స్థలం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం ఆ లోటు కిందే కట్టాలి. అంటే ఈ శివార్లలో ప్లాటు కొన్న ఉద్యోగి, ఆటో డ్రైవరు, రిటైరైన టీచరు, అందరూ లేని మైదానానికి రొక్కం కడుతున్నారు. ఆ డబ్బు చేరుతోంది. దానికి బదులుగా ఊరి మధ్య ఖాళీ నేల మాత్రం చాలా చోట్ల కనపడదు. వదిలిన చోట కూడా చుట్టూ కంచె, లోపల నాలుగు క్రోటన్ మొక్కలు, సాయంత్రం ఆరు తర్వాత గేటుకు తాళం.

అడగాల్సింది పెద్ద భవనాలు కాదు. రవీంద్రభారతి లాంటిది ప్రతి వార్డులో కట్టనక్కర్లేదు. గుండ్రంగా చదును చేసిన నేల, మధ్యలో మోకాలెత్తు గద్దె, ఒక పక్క వేపచెట్టు, డప్పు కాపుకోవడానికి మంట పెట్టుకునే ఒక మూల, నీళ్ల పంపు, ఒక దీపస్తంభం. తాళం లేని చోటు. ఒగ్గు కళాకారులు వస్తే మల్లన్న కథ రాత్రంతా చెప్పుకునేలా, ఒడిశా కుర్రాళ్లు వాళ్ల పండుగకు వాళ్ల పాట పాడుకునేలా, బడిపిల్లలు రాష్ట్ర గీతాన్ని మైకు లేకుండా గొంతెత్తి పాడేలా. వార్డు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుంటే రెండు రోజుల్లో అనుమతి వచ్చేలా. ఆ నేలకు గద్దర్ పేరు పెడితే ఆయన కాదంటారని ఎవరూ అనుకోరు.

అల్వాల్‌లో ఆయన కోరుకున్న చివరి జాగ అలాంటిదే. పేద పిల్లల కోసం తాను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు. బౌద్ధ పద్ధతిలో కార్యం జరిగింది, పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి వందనం చేశారు. ఆ వందనాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత ఆ బడిలో మళ్లీ గంట మోగింది, పిల్లలు మళ్లీ ఆ ఆవరణలోనే నడిచారు. మేడ్చల్ స్టేషన్ నుంచి సికింద్రాబాద్ పోయే ఎంఎంటీఎస్ 2023లో మొదలైంది. దాన్ని ఎక్కితే బొల్లారం దాటాక అల్వాల్ వస్తుంది. అత్వెల్లి పిల్లలను ఒకరోజు ఆ రైలెక్కించి అక్కడికి తీసుకుపోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అప్పటిదాకా ఊరు తన జాగను తానే వెతుక్కుంటోంది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి సద్దుల దాకా, ఈ శివారు కాలనీల ఆడవాళ్లు సాయంత్రం పూలు పేర్చిన తాంబాలాలు ఎత్తుకుని ఇంకా ఇల్లు లేవని ప్లాటు వెతుక్కుంటారు. ముందురోజు మగవాళ్లు ముళ్లకంప కొట్టి, గులకరాళ్లు ఏరి, నీళ్లు చల్లి సాపు చేస్తారు. హద్దురాళ్ల మధ్య తంగేడు, గునుగు, బంతిపూల గోపురాలు కుదురుకుంటాయి. ఒకామె పాట ఎత్తుకుంటుంది. చప్పట్లతో, వంగి లేస్తూ, చుట్టూ తిరుగుతూ మిగతావాళ్లు అందుకుంటారు. పక్క మిద్దె మీద నుంచి ఒడిశా కుర్రాళ్లు చూస్తుంటారు. ప్లాటు మూలన యజమాని ఫోన్ నంబరు రాసిన రేకు బోర్డు గాలికి టపటపమంటుంది. ఆట అయ్యాక పళ్లెంలోని మలీద ముద్దలు పంచుకుంటూ ఆడవాళ్లు మాట్లాడుకునే ముచ్చట కూడా జాగ గురించే. ఈ ప్లాటులో దసరా దాటాక పునాది తీస్తారట, వచ్చే ఏడు బతుకమ్మను ఎక్కడ పెట్టాలె?